లిఫ్టులో గద్దింపు

జీవమణికి మెల్లగా మాట్లాడటం రాదు. యూసుఫ్‌గూడలో తన వంటింట్లో నిలబడి భర్తను ఉప్పు తెమ్మంటే, ఆయన చెప్పులు వేసుకునేలోపే కింద కిరాణా కొట్టతను ప్యాకెట్ తీసి పెట్టేవాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో ఉండే పిల్లలకు ఆమె మధ్యాహ్నం భోజనం క్యారియర్లు పంపుతుంది. పంపుతుందంటే, ఆమే మోసుకెళ్తుంది. కూరలు బాగుంటాయి. మోకాళ్ళే బాగుండవు.

ఆదివారాలు పంజగుట్టలో ఒక బట్టల దుకాణం పైనున్న హాలుకు వెళ్తుంది. అక్కడ కూడే చిన్న సంఘంలో పాటలు నడిపించేవాడు మోసెస్. తెనాలి నుంచి వచ్చి, అమీర్‌పేట మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చెప్పుకుంటున్నాడు. అతను పాట ఎత్తుకుంటే జీవమణి మోకాళ్ళ సంగతి మరిచిపోతుంది. నాకు తమ్ముడు లేని లోటు దేవుడు ఇలా తీర్చాడని అందరితో చెప్పుకునేది.

ఆ మంగళవారం ఆమె అనుదీప్ గదికి క్యారియర్ తీసుకెళ్ళింది. అనుదీప్ మోసెస్ దగ్గర కోర్సు పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటున్న కరీంనగర్ కుర్రాడు. తలుపు ఓరగా తీసి ఉంది. అతను పైన కోటూ టైతో, కింద లుంగీతో, నుదుట బొట్టుతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తెర మీద ఇంటర్వ్యూ చేసే మనిషి కనిపించగానే, గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్ అన్నట్టు పెదవులు కదిపాడు.

"ప్రైజ్ ద లార్డ్ సర్," అని వినబడింది.

ఆ మాట ల్యాప్‌టాప్ వెనక దాచిన ఫోన్లోంచి వచ్చింది. గొంతు మోసెస్‌ది. సంఘంలో ఎవరు ఎదురుపడినా అతను అనే మొదటి మాట అది. అలవాటులో జారిపోయింది. అలవాటు జీవమణికి కూడా ఉంది.

"ప్రైజ్ ద లార్డ్ తమ్ముడూ," అంది గుమ్మంలోంచి, గది అదిరిపోయేలా.

తెర మీది మనిషి అనుదీప్ నోటి వైపు చూశాడు. ఆ నోరు మూసి ఉంది. అందులోంచి ఇప్పటికి ఒక మగ గొంతూ ఒక ఆడ గొంతూ వచ్చాయి. ఆయన కాల్ కట్ చేశాడు.

"ఎవరదీ? అనుదీప్, ఎవరదీ?" అని ఫోన్లో మోసెస్ కంగారుపడి, జవాబు రాకముందే అర్థమైనట్టు, పెట్టేశాడు.

"జర ఆగకపోతివి ఆంటీ," అన్నాడు అనుదీప్ టై విప్పుతూ. "ఆగితె మంచిగ నడుస్తుండె."

"గది మోసెస్ గొంతు గదరా?"

"సార్ హెల్ప్ చేస్తుండు. నాకు జవాబులు తెల్సు గని ఇంగ్లీష్‌ల నోరు తిరగది. మా హాస్టల్ల మస్తుమంది చేస్తున్నరు, ఫికర్ పడకు. శుక్రవారం ఇంకో ఇంటర్వ్యూ ఉన్నది. ఆ రోజు క్యారియర్ జర లేటుగ తెస్తవా?"

జీవమణి ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. చెప్పులు విప్పాక నవ్వు ఆగింది. మోసెస్ చేస్తున్నది మోసం. దాన్ని చూసింది తను.

తప్పులో ఉన్న సహోదరుణ్ణి మొదట ఒంటరిగా కలిసి ప్రేమతో గద్దించాలి. సంఘంలో పెద్దలు చెప్పే పద్ధతి అది. కానీ ఆ పద్ధతికి ఒక అడ్డదారి ఉంది. దాని పేరు ప్రార్థన అంశం. "ఒక సహోదరుని కొరకు ప్రార్థించండి, పేరు చెప్పను" అని వాట్సాప్‌లో పెడితే, సాయంత్రానికి పేరు అందరికీ తెలిసిపోతుంది. కిందటేడు సంఘంలోనే ఉండే కరుణశ్రీ సంగతి అలాగే మొదలై, అందరి ముందూ మైకులో చెప్పేదాకా వెళ్ళింది. ఆ అమ్మాయి మళ్ళీ హాలు మెట్లెక్కలేదు. బజారులో జీవమణి కనబడితే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతుంది. మోసెస్ కూడా అలా రోడ్డు దాటిపోతే? ఆమె భయమల్లా అదే.

మెల్లగా గద్దించడం ప్రాక్టీసు చేయాలనుకుంది. భర్త ఏసోబును కుర్చీలో కూర్చోబెట్టింది.

"నువ్వు తప్పు చేసిన మనిషివి. నేను చెప్తుంట, నువ్వు ఇను."

"తప్పు చేసిందెవరు? సంఘంల జోగారావన్ననా?"

"పేరు చెప్పొద్దు. ఇను." ఆమె గొంతు తగ్గించి, అతని కళ్ళలోకి చూసింది. "నీ సంగతి నాకు తెలిసింది. నిన్ను ప్రేమిస్తున్న గాబట్టే అడుగుతున్న."

ఏసోబు తల దించుకున్నాడు. "బేకరీ ఆయన చెప్పిండా?"

"ఏం చెప్పిండు?"

"రోజు ఒక్కటే దిల్‌పసంద్ తింటున్న. షుగర్ గోలీ ఏస్కునే తింటున్న."

మెల్లగా గద్దిస్తే పనిచేస్తుందని ఆమెకు నమ్మకం కలిగింది. దిల్‌పసంద్ విషయంలో మాత్రం మామూలు గొంతే వాడింది.

మోసెస్ ఫోన్ ఎత్తలేదు. గురువారం సాయంత్రం ఆమె అమీర్‌పేట మెట్రో మెట్ల కింద కాపు కాసింది. అతను ఆమెను చూసి వెనక్కి తిరిగాడు. "తమ్ముడూ," అంది జీవమణి. కరపత్రాలు పంచేవాళ్ళు, దోసెలు తినేవాళ్ళు, మైత్రీవనం నుంచి బయటికొస్తున్న గుంపు, అందరూ ఆగి చూశారు. అతను రాక తప్పలేదు.

"ఒంటరిగ మాట్లాడాలె," అంది.

"అమీర్‌పేటలోనా అక్కా?"

"లిఫ్టుల పోదాం రా. మోకాళ్ళు సుత నొస్తున్నయ్."

తలుపులు మూసుకున్నాయి. "తమ్ముడూ, నిన్ను ప్రేమిస్తున్న గాబట్టే..." తలుపులు తెరుచుకున్నాయి. సూట్‌కేసుతో ఎక్కబోయిన జంట ఆమెనూ అతన్నీ మార్చి మార్చి చూసి, మెట్లవైపు వెళ్ళిపోయింది.

జీవమణి కిందికి బటన్ నొక్కింది. "నువ్వు చేసేది పాపం..." తలుపులు తెరుచుకున్నాయి. గొడుగు పట్టుకున్న పెద్దాయన ఎక్కాడు. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

"కానీయండమ్మా, నేను అడ్డం కాదు," అన్నాడాయన. పైకి చేరినా దిగలేదు.

"దిగరా పెద్దాయనా?"

"దిగుతాను. ఇంతకీ ఏం చేశాడో అదైనా చెప్పండి."

"ఇది మా అక్కాతమ్ముళ్ళ ముచ్చట," అందామె. ఆయన అయిష్టంగా దిగాడు. మోసెస్ గోడకు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుంది. నవ్వుతున్నాడు.

"నవ్వకు. అనుదీప్ మూతి చూసినవా నువ్వు? గిట్లున్నది." ఆమె పెదవులు గుడ్ ఆఫ్టర్‌నూన్ అన్నట్టు పెట్టి, "ప్రైజ్ ద లార్డ్" అని గొంతులోంచి తీసింది. మోసెస్ నేల మీద చతికిలబడ్డాడు. ఆమె కూడా రెయిలింగ్ పట్టుకుని నవ్వింది. లిఫ్టు వాళ్ళతో పాటు దిగింది, ఎక్కింది.

నవ్వు తగ్గాక అతనే అన్నాడు. "జవాబుల్లో అబద్ధం లేదక్కా. వాడికి తెలిసినవే నేను చెప్తాను."

"జవాబులు నిజమే. నోరు అబద్ధం."

"అనుదీప్ వాళ్ళ నాన్న ఫోన్ చేసి బతిమాలుతున్నారండీ. ఏం చెయ్యమంటారు?"

"పిల్లగానికి నోరు తిరగకపోతె తిరిగేదాక నేర్పు. నీ గొంతు తీసి వాని మూతికి అతికిస్తవా? రేపు నౌకరిల జేరినంక వాని పక్కన రోజు నువ్వు కూసుంటవా?" తర్వాతి మాట నిజంగానే మెల్లగా వచ్చింది. "నాకు కోపం లేదు తమ్ముడూ. నువ్వు పోతవేమోనని భయమున్నది."

మోసెస్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. తలుపులు తెరుచుకోగానే, వందనాలు కూడా చెప్పకుండా జనంలో కలిసిపోయాడు.

శుక్రవారం క్యారియర్ ఆలస్యంగా తీసుకెళ్ళింది. "సార్ గొంతియ్యనన్నడు ఆంటీ," అన్నాడు అనుదీప్. "నేనే మాట్లాడిన. మస్తు తడబడ్డ. ఇంటర్వ్యూ చేసేటాయన నవ్విండు. మళ్ళ పిలుస్తమన్నరు."

"నా గురించి ఏమన్నడు?"

"ఏమనలే."

ఆదివారం పాటల వేళకు మైకు దగ్గర ఎవరూ లేరు. సంఘ పెద్ద జోగారావు మెట్లవైపు చూశాడు. జీవమణి అప్పటిదాకా అటే చూస్తోంది. మొదటి ప్రార్థన అయ్యాక మోసెస్ వచ్చాడు.

"రావయ్యా, మైకు తీసుకో," అన్నాడు జోగారావు.

"గొంతు బాగాలేదండీ." మోసెస్ జీవమణి వైపు చూశాడు. "కాదండీ, గొంతు బాగానే ఉంది. నేను సరిచేసుకోవాల్సింది ఒకటుందండీ. అది అయ్యేదాకా ముందు నిలబడను."

జోగారావుకు ఏమీ అర్థం కాలేదు. "మరి పాట ఎవరు నడిపిస్తారు?"

"అక్క ఉంది కదండీ. మైకు కూడా అక్కర్లేదు."

హాలంతా నవ్వింది. మోసెస్ వెళ్ళి చాప మీద ఏసోబు పక్కన కూర్చున్నాడు. జీవమణి పాట ఎత్తుకుంది. ఆ ఎత్తు ఎవరికీ అందలేదు. ఆడవాళ్ళు పల్లవిలోనే ఆగిపోయారు, మగవాళ్ళు కిందెక్కడో వెతుక్కుంటున్నారు. రెండో చరణానికి మోసెస్ నవ్వాపుకోలేక ఏసోబు భుజం మీద తల వాల్చాడు. అతను లేచి వెళ్ళడం లేదని చూసుకుంటూ, ఆమె ఇంకో చరణం అందుకుంది.