తొలికోత పంచిన రోజు

తాతకి పొద్దున్నే పళ్ళు తోముకోక ముందే చేసే పని ఒకటుండేది. పెరటి కొట్టంలోకి వెళ్ళి, గోడకి వేలాడే పాత సేద్యపు సామాన్లని నూనెగుడ్డతో ఒక్కొక్కటే తుడిచేవాడు. కాడి, గొర్రు, రెండు కొడవళ్ళు, పిడి విరిగిన పార. "వీటితో తిన్న తిండికి నీకు దండం స్వామీ" అని కళ్ళు మూసుకునేవాడు. పొలం పోయి పదిహేనేళ్ళయినా ఆ దండం మాత్రం మానలేదు. వీధిలో అందరూ ఆయన్ని కొట్టం తాత అనేవాళ్ళు. ఆయనా ఆ పేరుకే పలికేవాడు.

ఆ వసంతంలో జ్వరమొచ్చి పన్నెండు రోజులు మంచం దిగలేదు. పెరడంతా చెల్లెలే చూసుకుంది. భర్త పోయాక ఎవరింట్లోనూ ఇమడలేక, మూణ్ణెల్ల కిందటే అన్న దగ్గరికి చేరింది. తిన్న ముద్దకి సరిపడా పని చేసి చూపించాలన్న తాపత్రయం ఆమెది. "కాసేపు కూర్చోవే" అంటే, "కూర్చుంటే కాళ్ళకి వేళ్ళు మొలుస్తాయి అన్నయ్యా" అనేది.

పదమూడో నాడు తాత గోడ పట్టుకుని కొట్టంలోకి నడిచాడు. పైమేకు ఖాళీగా ఉంది. అక్కడుండాల్సింది మందు కొట్టే ఇత్తడి పంపు. పత్తి పురుగు మీదికి ఏళ్ళ తరబడి విషం మోసిన పంపు. పెరట్లోకి తొంగిచూస్తే, పాలకూర మడి పక్కన తళతళలాడుతోంది. 

"బూడిదేసి తోమాను అన్నయ్యా! ఎంత సన్నగా చిమ్ముతోందో. బిందెలు మోసి మోసి నా నడుం పడిపోయేది."

"ఎన్నాళ్ళ నుంచే?"

"వారం. ఇవాళ తెల్లారకముందే కోసి తొలికోత మూడిళ్ళకీ ఇచ్చొచ్చాను. తొలికోత మనం తినం, ఇరుగుపొరుగుకే అన్నది నీ పద్ధతే కదా! పొద్దుట్నుంచి కాస్త తల తిరుగుతోంది గానీ, అదేం లేదులే."

ఆమె ముఖం వెలిగిపోతోంది. తాత చూపు పంపు మీదే ఉంది. ఆ పంపులో తోలు బిళ్ళ ఉంది. అది విషం తాగి తాగి ఉబ్బింది. బూడిదకి పోయేది పైమకిలే. పారేయడానికి మనసొప్పక వేలాడదీసుకున్నది తను. దాని జోలికి పోకని ఏనాడూ చెప్పనిదీ తనే.

"లోపలి చిలుము మంచిది కాదు. చేతులు సబ్బుతో కడుక్కో, దాన్నిక ముట్టకు," అని కర్ర అందుకున్నాడు.

దర్జీ ఇంట్లో కూరకట్ట ఇంకా గుమ్మంలోనే ఉంది. "మతిలేక నేనే మందు పంపుతో నీళ్ళు కొట్టాను. ఇటిచ్చెయ్," అన్నాడు తాత.

"ఇచ్చింది మళ్ళీ లాక్కుపోయేవాణ్ణి మిమ్మల్నే చూశాను తాతా," అని దర్జీ నవ్వాడు. అంతలోనే ఆయన ముఖం చూసి, నవ్వు ఆపి కుర్చీ వేశాడు. తాత కూర్చోలేదు.

రొట్టెలమ్మే ఆమె అప్పటికే సగం తరిగేసింది. సంగతి వినగానే ఆకంతా ఆయనకిచ్చి, చాకూ, పీటా కుళాయి కింద పెట్టింది.

ఇక మిగిలింది ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఇల్లు. కూర పొయ్యి మీద ఉడుకుతోంది.

"దించెయ్యమ్మా! ఎవరూ తినలేదు కదా?"

"ఇంకా ఉప్పే వెయ్యలేదు, ఏమైంది?"

తాత గుమ్మంలోనే కూలబడి దేవుడికి దండం పెట్టుకున్నాడు. పంపు సంగతి చెప్పి, కొట్టింది నేనే అన్నాడు. నర్సమ్మ పొయ్యి ఆర్పి, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నాకా తాతా చెప్తున్నారు? పన్నెండు రోజులూ పూటపూటా మీ జ్వరం చూసింది నేను. మంచం మీంచే కొట్టారా పంపు?"

తాత తల దించుకున్నాడు. చెల్లెలన్న మాట అప్పుడు తగిలింది. 

"దానికి తల తిరుగుతోందట తల్లీ. వారం రోజులు వట్టి చేతులతో పట్టుకుంది. ఇప్పుడే వచ్చి చూడమ్మా. ఆస్పత్రికంటే నేనే తీసుకుపోతాను, డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్తాను. దాని ముందు మాత్రం తప్పంతా నాదనే అను. ఈ ఇంటిక్కూడా తను పనికిరాలేదని అది అనుకోకూడదు."