హారతి కొండెక్కేదాకా

మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదట. కారు కొన్నవాణ్ణీ నేనే. ప్రొద్దుటూరులో ఒకరు వాడి అమ్మిన ఆ కారును జమ్మలమడుగుకు తెచ్చుకున్నాక, దాని మొదటి ప్రయాణం గండి ఆంజనేయస్వామి దగ్గరికే కావాలని అమ్మ పట్టుబట్టింది. శనివారం ఉదయం ఆమెను వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాను.

పులివెందులలో ఒక కూడలి దగ్గర క్లచ్చు పూర్తిగా తొక్కి, మొదటి గేరులో ఆగి ఉన్నాను. బ్రేకు మీది కాలు కాస్త వదులు కాగానే కారు తనంతట తాను ముందుకు జరిగింది. ఎదురుగా ఒక ముసలాయన పూలబండి తోసుకుంటూ పోతున్నాడు. బ్రేకు గట్టిగా నొక్కాను. ఆయన నావైపు చూడనైనా లేదు. పూలు తాజాగా ఉన్నాయి, ఆపి కొనమన్నది అమ్మ.

కారు పక్కకు తీసి, ప్రొద్దుటూరులో నాకు తెలిసిన మెకానిక్కుకు ఫోను చేశాను. క్లచ్చు పూర్తిగా విడవకపోతే, పెడలు అడుగుదాకా తొక్కినా ఇంజిను బలం చక్రాలకు అందుతూనే ఉంటుందని ఆయన వివరించాడు. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, క్లచ్చు తొక్కి గేరు వేసి, బ్రేకు మెల్లగా వదిలి చూడమన్నాడు. కదిలితే మాత్రం ఇక నడపవద్దన్నాడు. ఆ రద్దీలో అంత ఖాళీ చోటు దొరకలేదు. రాహుకాలం వచ్చేస్తుందని అమ్మ తొందరపెట్టింది. గండి చేరేదాకా ఆగిన ప్రతిచోటా గేరును న్యూట్రల్‌లోకి తీస్తూనే ఉన్నాను.

గుడి ముందు పూజారి నాలుగు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టి, ఇంజిను ఆపవద్దన్నాడు. అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని సరిగ్గా బంపరుకు ఎదురుగా నిలబడింది.

“గేరు ఏసి పెట్టుకోప్పా. హారతి అయితానే బండి కదలాల,” అన్నాడు పూజారి.

నా చేయి గేరు మీదికి పోలేదు. అమ్మకూ బంపరుకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు. గేరు న్యూట్రల్‌లోనే ఉంది, హ్యాండుబ్రేకు లాగి ఉంది. అయినా కిటికీలోంచి తల బయటపెట్టి, పక్కకు రమ్మని బతిమాలాను.

“హారతి చేతిలో పెట్టుకోని యాడికి పోదురా? కొండెక్కిందాంక ఈణ్ణే ఉంటా.”

“బండి మీదికొస్తుందేమోనని భయమైతాందిమా.”

“అంత భయమైతే కారెందుకు కొంటివి? ఎద్దులబండి కొనింటే సరిపోతాండె.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

కర్పూరం అంత నిదానంగా కాలుతుందని నాకు అంతకుముందు తెలియదు. గాలికి మంట వంగినప్పుడల్లా ఆరిపోయిందనుకున్నాను; మళ్ళీ లేచేది. చివరికి అది కొండెక్కింది. అమ్మా, పూజారీ నా కిటికీ పక్కకు వచ్చేదాకా ఆగాను.

అప్పుడు క్లచ్చు అడుగుదాకా తొక్కి గేరు వేశాను. గరగరమన్నది. హ్యాండుబ్రేకు దించి, బ్రేకు మీది కాలు మెల్లగా తీశాను. ఎడమకాలు క్లచ్చును అదిమే ఉంది. కారు కదిలింది. చక్రం కింద నిమ్మకాయ చిట్లిన చప్పుడు విన్నాను. బ్రేకు తొక్కగానే ఇంజిను వణికి ఆగిపోయింది.

అమ్మ ముఖం వెలిగింది. “శానా బాగా తొక్కిచ్చినావు నాయనా. దిష్టంతా పోయ.”

దిగి చూశాను. ఆమె నిలబడిన చోటు బంపరు కింద ఉంది.

కారును అక్కడే వదిలి, బస్సులో పోదామన్నాను. పూజ చేయించిన బండిని గుడి ముందు విడిచిపెట్టడమేమిటని అమ్మకు కోపం వచ్చింది. బస్సులో దారి పొడుగునా కిటికీవైపు తిరిగే కూర్చుంది. నేను పసుపు అంటిన ఆమె పాదాలవైపే చూస్తూ కూర్చున్నాను.