పద్నాలుగో నంబరు మంచం

ఆ రోజుల్లో నాకు లోకంలో మనుషులు రెండే రకాలుగా కనబడేవారు. మనం ఏదో ఒకటి చేసి చూసేవాళ్ళు, ఏమీ చెయ్యకుండా ఊరికే చూసేవాళ్ళు. మొదటివాళ్ళని ప్రయోగ బృందమనీ, రెండోవాళ్ళని కంట్రోల్ గ్రూపనీ అంటారు. ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడు చదివేవాళ్ళకి ఇలాంటి చూపు ఒకటి వస్తుంది, కొన్నాళ్ళకి దానంతటదే పోతుంది (కొందరికి పోదు, వాళ్ళు థీసిస్ గైడ్లవుతారు). ఢిల్లీ ద్వారకలో నేనుండే అద్దె గదిలో, దేవుడి పటం ఉండాల్సిన చోట, ఏ రకం పరిశోధనకి ఎంత విలువో చెప్పే ఒక పిరమిడ్ బొమ్మ అంటించుకున్నాను. అడుగున ఒక్క రోగి గురించి రాసే కేసు రిపోర్టు, దానిపైన ఒకసారి వెళ్ళి ప్రశ్నలడిగి వచ్చే సర్వే, ఇంకా పైన ఏళ్ళ తరబడి జనాన్ని వెంబడించే కోహోర్టు అధ్యయనం, దాదాపు శిఖరం మీద ర్యాండమైజ్డ్ ట్రయల్. అంటే చికిత్స ఎవరికివ్వాలో ఎవరికివ్వకూడదో మన ఇష్టానికి వదలకుండా చీటీ వేసి తేల్చే పద్ధతి. నా తోటివాళ్ళు 'చేతుల శుభ్రతపై నర్సుల అవగాహన' అంటూ నలభై ప్రశ్నల కాగితాలు పంచుకుని హాయిగా ఉంటే, వాళ్ళని చూసి నాకు జాలేసేది. నేను మాత్రం ట్రయలే చేస్తానన్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ పిల్లని దగ్గరికి పిలిచి ఒక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది.

మా గైడ్ మేడమ్‌ని చాటుగా పి-వాల్యూ మేడమ్ అనేవాళ్ళం. 'నీ పి ఎంత' అన్నది ఆవిడ కుశలప్రశ్న. (ఆ పి అన్న అంకె బాగా చిన్నదైతే మనం చేసింది పనిచేసినట్టు, పెద్దదైతే మన రెండేళ్ళూ గంగలో కలిసినట్టు.) నేను ఎంచుకున్న అంశం పుళ్ళు. పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుము కిందా మడమల దగ్గరా చర్మం దెబ్బతిని పుండు పడుతుంది. ఎలా తిప్పాలో, ఎక్కడెక్కడ చూసుకోవాలో రోగి దగ్గరుండే ఇంటివాళ్ళకి బొమ్మల కార్డుతో నేర్పితే పుళ్ళు తగ్గుతాయా అన్నది ప్రశ్న. న్యాయంగా అయితే ఒక వార్డులో నేర్పి, ఇంకో వార్డులో నేర్పకుండా పోల్చి చూడాలి. ఒకే గదిలో సగంమందికి చెబితే మిగతా సగానికి పాకకుండా ఉండదు కదా. ఈ సంగతి నాకు పుస్తకంలో ఎర్రగీత గీసుకుని మరీ తెలుసు. కానీ రెండో వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కీ మా మేడమ్‌కీ ఏదో సెమినార్లో ముందు వరస కుర్చీ దగ్గర మాటామాటా వచ్చి, అప్పట్నుంచీ మాటల్లేవు. ఆ విధంగా నా పరిశోధన పద్ధతిని ఒక ప్లాస్టిక్ కుర్చీ నిర్ణయించింది.

"ఒకే వార్డులో చెయ్యి. బేసి నంబరు మంచాలకి నేర్పు, సరి నంబర్లకి నేర్పకు" అన్నారు మేడమ్, అక్కడికేదో కొత్త సిద్ధాంతం కనిపెట్టినట్టు. "దిల్లీ మే గాడియోం కా ఆడ్-ఈవెన్ చల్ గయా, తుమ్హారే మరీజోం కా క్యోం నహీ చలేగా?"

ఒకరోజు బేసి నంబరు కార్లనీ మర్నాడు సరి నంబరు కార్లనీ రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఢిల్లీలో చెల్లింది గనక నా రోగులకీ చెల్లుతుందట. నంబర్లని బట్టి పంచడం చీటీ వెయ్యడం కాదు మేడమ్ అన్న మాట గొంతుదాకా వచ్చింది. థీసిస్ మీద సంతకం ఆవిడది. మాట మింగేసి 'యెస్ మేడమ్' అన్నాను. సరి మంచాలవాళ్ళకి అన్యాయం జరక్కుండా ఏడో రోజు అయ్యాక వాళ్ళకీ నేర్పుతామని ఎథిక్స్ కమిటీకి రాసిచ్చాం, కమిటీవారు సంతోషించారు. మనిషి చర్మం ఏడో రోజుదాకా ఆగుతుందా అని ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేనే, ఆరేళ్ళు వార్డుల్లో నర్సుగా పనిచేసి వచ్చినదాన్ని. సరి మంచాలకి అందేది 'మామూలు సంరక్షణ' అని రాశాను. (నలభై మంది రోగులకి ఇద్దరు సిస్టర్లున్న చోట మామూలు సంరక్షణ అంటే ఏమిటో మీరే ఊహించుకోండి.)

ఇక వార్డులో నా అవస్థ చూడాలి. బేసి మంచం దగ్గర తెర లాగి, బొమ్మల కార్డు తీసి, గుసగుసగా చెప్పేదాన్ని. తెర లాగారంటే లోపల ఏదో గొప్ప వైద్యం జరుగుతోందని సరి మంచాలవాళ్ళకి అనుమానం. రెండో రోజుకల్లా ఒకాయన ఏదో మినిస్ట్రీ నుంచి ఫోను చేయించి, తన తండ్రిని ఎనిమిదో మంచం నుంచి తొమ్మిదికి మార్పించుకున్నాడు. బేసి మంచానికి సిఫారసు పట్టగల ఊరు ఇదొక్కటే అనుకుంటాను. పదమూడో మంచం దగ్గర అత్తగారికి సేవ చేస్తున్న హరియాణా కోడలు మరీ ఘటికురాలు. నేను నేర్పిన ప్రతి ముక్కా పట్టేసి, మధ్యాహ్నం రొట్టెలు తినేటప్పుడు వార్డంతటికీ పాఠం చెప్పేది. ఎవరికీ చెప్పొద్దని వెళ్ళి బతిమాలాను.

"దీదీ, ప్లీజ్, యే కిసీ కో మత్ బతానా."

"అచ్ఛీ బాత్ భీ కోయీ ఛుపాతా హై క్యా?" అంది ఆవిడ, మంచి మాట కూడా ఎవరైనా దాచుకుంటారా అని. దాచమని రాసుకున్న ప్రోటోకాల్ ఒకటి నా దగ్గరుంది.

పద్నాలుగో మంచం మీద మన తెలుగాయన. సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉండే సెక్షన్ ఆఫీసరు, రిటైర్మెంటుకి దగ్గర్లో పక్షవాతం వచ్చింది. కుడి పక్కతోపాటు మాటా పోయి, 'ఠీక్ హై' ఒక్కటే మిగిలింది (ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎక్కువసార్లు అన్నది అదే కాబోలు). ఆకలేస్తోందా అంటే ఠీక్ హై, సూది గుచ్చుతున్నామంటే ఠీక్ హై. పక్కన ఆయన భార్య. తెలుగు వినబడగానే ఆంటీ నన్ను సొంతపిల్లగా చేసేసుకున్నారు. కారియర్లో తెచ్చిన దోసకాయ పప్పు నాకు పెట్టకుండా ఆవిడ తినేవారు కాదు.

"అమ్మాయ్, ఆ పదమూడు వాళ్ళకేదో బొమ్మలు చూపించి చెబుతున్నావు. మాకు చెప్పవా?" అని అడిగారు మొదటిరోజే.

"మీకిప్పుడు చెప్పకూడదు ఆంటీ. మీరు కంట్రోల్ గ్రూపు. చెబితే నా థీసిస్ పోతుంది. వారం ఆగితే మీకూ నేర్పుతాను."

"అచ్ఛా" అన్నారు. పాతికేళ్ళు ఢిల్లీలో ఉన్న మనిషి, సమాధానపడటం కూడా హిందీలోనే. "నీ చదువు పాడయ్యేపనైతే మాకేం వద్దులేమ్మా. వారమేగా."

ఆ సాయంత్రం చూడ్డానికొచ్చిన ఆఫీసువాళ్ళతో "మావారు ఈ అమ్మాయి పరీక్షలో ఉన్నారు" అని ఆవిడ గర్వంగా చెబుతుంటే నేనూ గర్వంగానే విన్నాను.

నాలుగో రోజు అంకుల్‌ని ఒత్తిగించి చూస్తే నడుము కింద నిమ్మకాయంత మేర ఎరుపు. వేలితో నొక్కితే తెల్లబడలేదు. పుండుకి మొదటి దశ అది. నొప్పిగా ఉందా అంకుల్ అంటే ఠీక్ హై అన్నారు. నొప్పి అన్న గడిలో 'లేదు' అని రాశాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని ఇంకో మాట కూడా చెప్పేస్తాను. ఆ ఎరుపు చూసి నాకు సంతోషమేసింది. అప్పటిదాకా సరి మంచాల్లో ఎవరికీ ఏమీ కాలేదు, పి ఎక్కడినుంచి వస్తుందా అని బెంగపడుతున్నాను, ఇదిగో మొదలైంది అనుకున్నాను. డ్యూటీ సిస్టర్‌కి వెంటనే చెప్పాలి. చెప్పలేదు. షీటులో నీట్‌గా 'స్టేజ్ వన్' అని రాసి, కింద గీత గీసి, మెట్రో ఎక్కి గదికొచ్చి కడుపునిండా భోంచేశాను.

ఆరో రోజు పొద్దున చూసేసరికి అక్కడ చర్మం చిట్లింది. ఆంటీ ముఖం పాలిపోయింది.

"ఆ పదమూడు వాళ్ళ కోడలు రోజూ వచ్చి, పక్కకి తిప్పండి ఆంటీజీ అని చూపించబోయేదమ్మా. నేనే వద్దని పంపించేశాను. మేం కంట్రోల్ గ్రూపు, వింటే మా అమ్మాయి చదువు పాడవుతుందని. నువ్వు చెప్పకూడదన్నావుగా."

పదమూడో మంచం దగ్గర్నుంచి ఆ కోడలు అందుకుంది. "మైనే సబ్ కో బతాయా దీదీ. బస్ యే ఆంటీజీ నహీ మానీ."

అప్పటికి నాకర్థమైంది. ఆ కోడలు అందరికీ చెప్పేసింది. సరి మంచాల్లో ప్రతివాళ్ళూ చాటుగా తమవాళ్ళని తిప్పుకుంటూనే ఉన్నారు. మొత్తం వార్డులో నా మాటకి కట్టుబడ్డ మనిషి ఒక్కరే, నా భాష మాట్లాడే మనిషి. పుండు పడ్డదీ ఆవిడ భర్తకే. సిస్టర్‌ని పిలిచి, కడిగి, కట్టు కట్టి, జేబులోంచి కార్డు తీసి ఆంటీకి ఆ క్షణమే అంతా నేర్పాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి "మరి నీ థీసిస్సో?" అన్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రోగి ముందు నర్సు ఏడవకూడదు గనక, బేసిన్ కడిగే నెపంతో వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మేడమ్ మాత్రం తొణకలేదు. "గడువుకి ముందే నేర్పేశావు. ప్రోటోకాల్ తప్పింది. ఆ పేషంట్‌ని లిస్టులోంచి తీసేయ్" అన్నారు. ఉన్న ఒకే ఒక్క నిజమైన కంట్రోలునీ అలా కొట్టేశాం. బేసికీ సరికీ తేడా లేకపోయేసరికి పి ఇంతలావు వచ్చింది. ఆ బొమ్మల కార్డు వార్డు మొత్తాన్ని కాపాడింది, నా థీసిస్ ప్రకారం మాత్రం దానివల్ల ప్రయోజనమేమీ లేదు. వైవాకి వచ్చిన పెద్దాయన రెండు పేజీలు తిరగేసి, దీన్ని ట్రయల్ అనకూడదు, క్వాసీ-ఎక్స్‌పెరిమెంటల్, అంటే ప్రయోగంలాంటిదేదో, అని మార్చుకోమన్నారు. అట్ట మీద మాట మార్చి నల్ల రెక్సిన్‌లో బైండు చేయిస్తే నేను పాసైపోయాను.

రెండేళ్ళ తర్వాత సరోజినీ నగర్ మార్కెట్టులో కర్టెన్ల కొట్టు దగ్గర ఆంటీ కనిపించారు. పక్కన అంకుల్, చేతికర్రతో. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టిందట, అదీ మాటల మధ్యలో చెప్పారు, నిష్ఠూరంగా కాదు. నిష్ఠూరమాడినా బాగుండేది.

"పాసయ్యావా అమ్మాయ్?"

"అయ్యాను ఆంటీ."

"చూశారా, మన అమ్మాయి పాసయింది" అన్నారు అంకుల్‌తో. అంకుల్ ఎడమచెయ్యి ఎత్తి "ఠీక్ హై" అన్నారు. "మరి ఆ పుస్తకంలో మావారి సంగతి రాశావా?"

"రాశానండీ" అన్నాను. అబద్ధం కాదు. 'కంట్రోల్ గ్రూపులో ఒకరిని మినహాయించడమైనది' అని ఒక వాక్యం ఉంది.

ఇప్పుడు ఘజియాబాద్ దగ్గర ఒక కాలేజీలో నేనూ గైడునే. పిల్లలు పిరమిడ్ బొమ్మ గీసి శిఖరం వంక ఆశగా చూస్తుంటే, ద్వారక గదిలో ఆ గోడ ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చినా పి సంగతి నేను తర్వాత అడుగుతాను. కంట్రోల్ గ్రూపులో ఒకాయనకి నాలుగో రోజు నడుము కింద ఎర్రగా కనబడితే ఏం చేస్తావు అని ముందు అడుగుతాను. "నోట్ చేసుకుంటాం మేడమ్" అంటారు చాలామంది, వినయంగా, తడుముకోకుండా. గట్టిగా కోప్పడదామని నోరు తెరిచి, మళ్ళీ వాళ్ళ కాగితాలకేసి చూస్తాను. వాళ్ళ చేతిరాత కూడా అప్పటి నా రాతలాగే ఎంతో నీట్‌గా ఉంటుంది.