తిరుత్తణి దారిలో మా బావ పార్టీ మార్చిన పూట

మా అక్క కూతురికి తిరుత్తణి కొండ మీద గుండు కొట్టించి, చెవులు కుట్టిస్తామని మొక్కు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకోవాలి కాబట్టి నేను లేకుండా ఆ పని జరగదు. ఈమధ్యే ఎలక్ట్రిక్ కారు కొన్న ఉత్సాహంలో "నా బండిలోనే పోదాం" అని మాటిచ్చేశాను. మా బావకు అది మింగుడు పడలేదు. ఆరణి పక్క పల్లెలో వరి పండించే ఆయన ఏళ్ల తరబడి ఒకే పెట్రోల్ కారు నడుపుతున్నాడు. నా కారు వచ్చినప్పటి నుంచి మా ఇద్దరి పలకరింపులు కూడా వాదనతోనే మొదలవుతున్నాయి.

ముందురోజు సాయంత్రం పొన్నేరి నుంచి వాళ్లింటికి చేరి, కారును వసారాలో ప్లగ్గుకు తగిలించి పడుకున్నాను. తెల్లారి బయల్దేరబోతూ చూస్తే ఛార్జింగ్ ముప్పై శాతం దగ్గరే ఆగిపోయి ఉంది.

"ప్లగ్గు ఎవరు పీకింది?" అన్నాను.

"నేనే రా. దోసె పిండికి గ్రైండర్ పెట్టినాను. మళ్లా తగిలించేది మరిచిపోయినా," అంది అక్క.

బావ ముఖం వెలిగిపోయింది. "నా బండికి ఎప్పుడన్నా దోసె పిండి అడ్డమొచ్చిందా? ఉండు, తాళాలు తెస్తా."

నేను పౌరుషానికి పోయి వద్దన్నాను. తిరువళ్లూరు దాకా ఆ ఛార్జింగ్ చాలు, అక్కడ స్టేషన్ ఉంది. కాకపోతే పదిన్నర దాటితే మంచి ఘడియ వెళ్లిపోతుందని అయ్యవారు చెప్పి ఉన్నారు.

పెరియపాళయం మీదుగా తిరువళ్లూరుకు గంట పైనే పడుతుంది. రోడ్డు బాగుంది గానీ, ఛార్జింగ్ మిగలాలని నేను ఏసీ ఆపేశాను. చెమట తుడుచుకుంటూ బావ మొదలుపెట్టాడు.

"పొగ రాదు, పొగ రాదు అంటా ఉండావే, నీ కరెంటు యాడ నుంచి వస్తాది? బొగ్గు కాల్చే కాడ్నించే గదా? పళవేర్కాడు సముద్రం పక్క పోయి చూడు, ఆ కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు ఎట్లా కక్కతా ఉండాయో. నీ పొగ తీసకపోయి చేపలు పట్టుకునేవాళ్ల మొగాన ఊదతా ఉండావు, అంతే."

"నువ్వు బడికి పోయే పిల్లోళ్ల మొగాన నేరుగా ఊదతావు గదా బావా! బొగ్గు ఈ పొద్దు. రేపు ఎండతో, గాలితో కరెంటు వస్తాది. పెట్రోల్ రేపైనా పెట్రోలే."

"సరి, బ్యాటరీ చచ్చిపోతే యాడ పూడుస్తావు?"

"తిరిగి వాడతారంట."

"అంట!" అని బావ వెనక్కి తిరిగి అక్కకు వినిపించేలా ఒత్తి పలికాడు. అక్క అప్పటికే పాపతో పాటు నిద్రపోయింది.

తిరువళ్లూరు దాటే రోడ్డులో ఒక మెస్సు పక్కనే ఛార్జర్ ఉంది. ఎలక్ట్రిక్ బండ్లకే అని నేల మీద పెద్దగా రాసి ఉంది. సరిగ్గా ఆ అక్షరాల మీద ఒక ఎర్ర పెట్రోల్ కారు నిలబడి ఉంది. యజమాని లోపల పొంగలి తింటున్నాడు. నేను నోరు తెరవకముందే బావ కారు దిగి వెళ్లాడు. ఇంట్లో ఎంత కొట్టుకున్నా, పరాయివాళ్ల ముందు నేను ఆయన పెళ్లాం తమ్ముణ్ణి!

"అణ్ణా, కొంజం వండి ఎడుంగ," అని బండి కాస్త తీయమని అరవంలో అడిగాడు బావ. మా యాస పట్టేసిన ఆ పెద్దమనిషి తెలుగులోనే జవాబిచ్చాడు.

"తినేసి తీస్తా అప్పా. అయినా ఈ బండి ఎందుకు కొనినారు? కరెంటు యాడ నుంచి వస్తాది? బొగ్గే గదా?"

బావ రెండు క్షణాలు నా వైపు చూసి, అతని వైపు తిరిగాడు.

"బొగ్గు ఈ పొద్దు సామీ! రేపు ఎండ, గాలి. పెట్రోల్ రేపైనా పెట్రోలే గదా?"

"బ్యాటరీ చచ్చిపోతే యాడ పూడుస్తారు?"

"పూడ్చేది ఎందుకు? తిరిగి వాడతారు!" ఈసారి 'అంట' కూడా లేదు.

"వాదం పిమ్మట పెట్టుకోండి, సాంబారు చల్లారతా ఉంది," అంది మెస్సు నడిపే ఆవిడ. పెద్దమనిషి చెయ్యి కడుక్కుని పోయి తాళం తిప్పాడు. టిక్కుమంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ టిక్కు. హెడ్‌లైట్లు ఆపకుండా దిగినట్టున్నాడు, బ్యాటరీ ఖాళీ.

"ట్యాంకు నిండా పెట్రోల్ ఉందే!" అన్నాడు దీనంగా.

"ఉండి ఏం లాభం సామీ, లేచేదానికి కరెంటు కావాల గదా," అన్నాడు బావ.

ఇద్దరం కలిసి ఆ కారును రోడ్డు మీదికి నెట్టాం. మూడో ఊపుకు అది దగ్గి, తుమ్మి, లేచి, పోగుపడ్డ పొగంతా బావ కొత్త పంచె మీద వదిలి వెళ్లిపోయింది. బావ ఆ నల్లటి మరకను చూసుకున్నాడు.

ముప్పావుగంట ఛార్జింగ్‌కు రెండు వందల చిల్లర అయింది. ఆ లోపు మేమూ పొంగలి, వడ తిన్నాం. అక్కడి నుంచి తిరుపతి రోడ్డు మీద గంటలోపే తిరుత్తణి. కారు కొండపైదాకా పోతుంది. పది దాటాక చేరి, పరుగున గుండు చేయించాం. గుండుకు కిమ్మనని పాప, సూది గుచ్చగానే నన్ను ద్రోహిని చూసినట్టు చూసి, నా మీసం పట్టుకుని వేలాడింది. నాకూ కన్నీళ్లొచ్చాయి. మీసం వల్లేనని అందరికీ చెప్పాను.

కొండ దిగేటప్పుడు తిరిగే చక్రాల నుంచే ఈ బండి బ్యాటరీకి కాస్త కరెంటు వస్తుంది. బావ ఛార్జింగ్ చూపే తెర మీదికి వంగాడు. "ఏయ్, ఒక శాతం పెరిగిందే! ఇంకోసారి ఎక్కి దిగుదామా?"

ఇల్లు చేరేసరికి ఆయన మళ్లీ సొంత పార్టీలోకి వెళ్లిపోయాడు. "అక్కడ మనోళ్ల కోసం మాట్లాడినా. నిజం మాత్రం బొగ్గే," అన్నాడు. వెనక సీట్లో నిద్రపోయిన పాపకు నా కారు పొగ తగల్లేదు, కానీ ఆ పొగలో కొంతైనా గొట్టాల పక్క ఊళ్లో ఇంకో పాపకు తగిలే ఉంటుంది. బొగ్గు ఆగేదాకా బావ అడిగే ప్రశ్నలో సగం నాది కూడా. అయినా ఈ కారే నడుపుతాను, కాకపోతే కాస్త తక్కువ గొప్పలు చెప్పుకుంటూ. మీరూ ఇలాంటి బండిలో వెళ్తుంటే తిరువళ్లూరులోనే సరిపడా ఛార్జింగ్ పెట్టించుకుని కొండ ఎక్కండి. ఛార్జర్‌కు ఏదైనా పెట్రోల్ కారు అడ్డంగా ఉంటే మాత్రం వాదనకు దిగకండి. ముందు అది స్టార్ట్ అవుతుందో లేదో అడగండి.