మాటలు మోసిన దర్జీ

అబర్డీన్ బజార్‌లో బస్టాండు వెనక సందులో ఉండేది అప్పలరాముడి కుట్టు దుకాణం. దుకాణమంటే ఏపాటిదనుకున్నారు! ఒక మిషను, ఒక బల్ల, రెండు మేకుల మధ్య లాగి కట్టిన తీగ, అంతే. అయినా డెబ్బయ్యో దశకంలో పోర్ట్ బ్లెయిర్‌లో ఫుట్‌బాల్ ఆడే ప్రతివాడూ ఏడాదికోసారి ఆ గుమ్మం ఎక్కాల్సిందే. ఎవడు ఏ జట్టు వదిలి ఏ జట్టులో చేరుతున్నాడో ఆ జట్ల పెద్దలకంటే ముందు ఈ దర్జీకి తెలిసేది.

మనిషి శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు వాడు. యాభై ఎనిమిదిలో బావమరిది వెంట ఓడెక్కి వచ్చాడు. దారిపొడుగునా వాంతులు చేసుకుంటూ కూడా కుట్టుమిషను తలకాయను ఒళ్లోంచి దించలేదని భార్య సింహాచలమ్మ పదిమందిలో చెప్పి నవ్వేది. లంబాలైన్ పేట‌లో రేకుల ఇల్లు వేసుకున్నారు. పిల్లల్లేరు, భూమి లేదు, సర్కారు కొలువు అసలే లేదు. అతనికి ఉన్నదల్లా ఒక్కటే. "అప్పలరాముడు చెప్పాడు" అంటే జనం నమ్మేవారు. ఆ ఒక్కదాని మీదే బజారులో తలెత్తుకుని తిరిగాడు. దాన్ని ఎంత తెలివితక్కువగా పోగొట్టుకున్నాడో చెబుతాను, వినండి.

అప్పట్లో అక్కడ జట్టంటే ఉత్త ఆట కాదు, బతుకుతెరువు. బాగా ఆడేవాడికి ఆ జట్టు నడిపే కంపెనీయో డిపోయో పని ఇచ్చేది. జట్టు మారడానికి కాగితాలూ గీగితాలూ ఉండేవి కావు. కొత్త జట్టు చొక్కాకి అప్పలరాముడి దగ్గర కొలత ఇచ్చాడంటే ఆటగాడు మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత పాత జట్టు పిలవకూడదు, వాడు వెళ్లకూడదు. ఉద్యోగం ఆర్డరు మాత్రం మద్రాసు నుంచి ఓడ మీద తాపీగా వచ్చేది. ఈ కొలతకీ ఆ ఓడకీ మధ్య రోజుల్లోనే తగవులన్నీ పుట్టేవి. ఆటగాడు కంపెనీని నమ్మడు, కంపెనీ ఆటగాణ్ణి నమ్మదు. ఇద్దరూ దర్జీని నమ్మేవారు.

దర్జీ పద్ధతి ఏమిటంటే, రెండు వైపులా కాస్త ముందే చెప్పెయ్యడం. ఆటగాడి దగ్గరికెళ్లి "వాళ్లు సరేనన్నారు" అనేవాడు. అటువెళ్లి "మనవాడు సరేనన్నాడు" అనేవాడు. నిజానికి ఎవరూ ఇంకా సరే అని ఉండరు. అవతలివాడు దిగివచ్చాడని వినేసరికి ఇవతలివాడు మెత్తబడేవాడు. వారం తిరిగేలోగా ఓడ వచ్చేది, అబద్ధం కాస్తా నిజమై కూర్చునేది. పదకొండు మందిని అలాగే జట్లలో చేర్చి, వాళ్ల ఆర్డర్ల మీద సాక్షి సంతకం కూడా తనే పెట్టాడు. కమీషను అడిగే రకం కాదు. "అంతా నీ చలవే అప్పలరాముడూ" అని ఎవరైనా అంటే ఆ పూట అన్నం తినకపోయినా ఫరవాలేదతనికి. చేస్తున్నది మోసమని అతనికి ఎన్నడూ తోచలేదు. ఓడ మీద అంత ధీమా!

డెబ్బై నాలుగులో సత్యారావు వ్యవహారం వచ్చిపడింది.

సత్యారావు కలప డిపోలో రోజుకూలీ, ఆ డిపో జట్టు ఆటగాడు. హాజరు పట్టీలో పేరుంటే పని, లేకపోతే ఇంటికి. మైదానంలో కుడివైపు బంతి తీసుకుని పరుగెత్తాడంటే పట్టుకునేవాడు లేడు. కానీ ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేశాయి, మోకాలు అప్పుడప్పుడూ వాచిపోతోంది. ఆట చేతిలో ఉండగానే పర్మనెంటు ఉద్యోగం పట్టుకోవాలి, లేకపోతే జన్మంతా దుంగలు మొయ్యాలి. ఓడల సరుకు దించే కంపెనీ ఒకటి, పేరెందుకులెండి, అతని మీద కన్నేసింది. ఆ కంపెనీ హెడ్ క్లర్కు భాస్కరరావే జట్టుకి సెక్రటరీ. రాజమండ్రి మనిషి, ముక్కుసూటి రకం.

"ముందు ఆర్డరు నా సేతిలో ఎట్టమను బాబాయ్. పర్మనెంట్ అని రాసుండాల. అప్పుడే కొలత. డిపో ఒగ్గేసినాక ఈళ్లు లేదంటే నానేటైపోవాల?" అన్నాడు సత్యారావు.

"ముందు కొలత ఇమ్మను. ఆటగాడు మనవాడయ్యాడని నేను తెలియజేస్తేనే మద్రాసులో సంతకం పెడతారు. ఆర్డరు పుచ్చుకుని వాడు డిపోలోనే ఉండిపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు భాస్కరరావు.

ఎవరి మాట వాళ్లకి న్యాయమే. డిపో నుంచి ఆ ఆఫీసుకి పది నిమిషాల నడక. అయినా ఇద్దరూ ఒక్కసారి ఎదురుపడి మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఎందుకు మాట్లాడుకోవాలి, మధ్యలో దర్జీ ఉన్నాడుగా!

లీగు పోటీలు దగ్గరపడుతున్నాయి. అప్పలరాముడు ఒక మధ్యాహ్నం కంపెనీకి వెళ్లి "కొలత ఇచ్చేశాడు సార్, మద్రాసుకి తంతి కొట్టించెయ్యండి" అన్నాడు. భాస్కరరావు అప్పటికప్పుడే టెలిగ్రాం ఇచ్చాడు. అదే సాయంత్రం దర్జీ సత్యారావుని పట్టుకుని, "నీ ఆర్డరు మీద సంతకం అయిపోనాదిరా. ఓడెక్కేసినాది. టెలిగ్రాం నా కళ్లతో సూసినాను" అన్నాడు.

"సచ్చీ? నిజమేనా బాబాయ్?"

"నా మీద నమ్మకం లేదేటి?"

ఎందుకు లేదు, ఉంది. అక్కడే వచ్చింది చిక్కంతా. సత్యారావు ఓడ కోసం ఎదురుచూస్తూ డిపో పనికి వెళ్తూనే ఉన్నాడు. దర్జీ పోయినేటి కొలతల పుస్తకం తిరగేసి, అందులో ఉన్న సత్యారావు అంకెలతో చొక్కా కత్తిరించేశాడు.

ఓడ రాలేదు. మద్రాసు రేవులో మరమ్మతుకి ఆగిందన్నారు. వారం దాటింది. పదో రోజున కలప డిపో మేస్త్రీ గవరయ్య తన ప్యాంటు కోసం దుకాణానికి వచ్చాడు. డిపో జట్టుని నడిపేది అతనే. తీగ మీద కంపెనీ చొక్కాలు పదకొండూ వేలాడుతున్నాయి. ఏడో నంబరు దగ్గర గవరయ్య ఆగిపోయాడు. సత్యారావుకి చిన్నప్పుడు ఎడమవైపు మెడ కింది ఎముక విరిగి భుజం కిందికి జారింది. అతని చొక్కాకి ఆ భుజం దగ్గర వేలెడు మడత వేసి కుట్టాలి. ఊళ్లో ఇంకెవరికీ అలా కుట్టరు.

"ఇది మా సత్తిగాడిది కాదూ? కొలతెప్పుడిచ్చినాడు?"

ఆ క్షణాన "ఇవ్వలేదు బాబూ, నేనే తొందరపడ్డాను" అని ఉంటే సరిపోయేది. కానీ భాస్కరరావుకి ఇచ్చాడని చెప్పి ఉన్నాడాయె! అప్పలరాముడు నోట్లో సూది పెట్టుకుని, తల వంచి మిషను తొక్కుకుంటూ కూర్చున్నాడు. గవరయ్యకి ఆ మౌనం చాలు.

మర్నాడు పొద్దున్న హాజరు పట్టీలో సత్యారావు పేరు మీద అడ్డగీత ఉంది. "నాను కొలత ఇయ్యలేదు, మాయమ్మ తోడు" అని మొత్తుకున్నాడు. డిపో వాళ్లు పగలబడి నవ్వారు. చొక్కా వేలాడుతోంది అప్పలరాముడి దుకాణంలో! అప్పలరాముడు అబద్ధం కుడతాడా? సత్యారావు అబద్ధమాడతాడా అని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. గవరయ్య అతని అన్నం డబ్బా, గొడుగు గేటు బయటికి విసిరేయించాడు.

ఆస్టినాబాద్‌లోని ఇంటి నుంచి సత్యారావు తల్లి అప్పలకొండమ్మ బస్సు దిగి సరాసరి దుకాణం ముందుకొచ్చి కొంగు బిగించింది.

"ఒరే అప్పలరావుడా! బయటికి రా! నా కొడుకు ఒంటి మీద నీ టేపు ఎప్పుడు పడ్డాదిరా? సెప్పు, బజారంతా ఇంటాది! కొలత ఇయ్యని సొక్కా ఎవుడి పీనిగకి కుట్టినావురా?"

"వదినా, రెండ్రోజులు ఓపిక పట్టు. ఓడొస్తే అంతా..."

"ఓడొస్తే నీ నోటికి కుట్లేసుకో! నమ్మినోడి కూడు తీసినావు గదరా, నీ సేతులిరిగిపోనూ!"

టీ దుకాణాల వాళ్లు గ్లాసులు పట్టుకుని వచ్చి మరీ చూశారు. ఆపేవాడే లేడు. ఆమె తిట్టి తిట్టి గొంతు పోయి బస్సెక్కేదాకా అప్పలరాముడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడనుకోకండి. లోపల ఒకటే మంట. నేను ఎవరి కోసం చేశాను ఇదంతా, అని.

ఆ మాటే సత్యారావు వచ్చినప్పుడు పైకి అనేశాడు. సత్యారావు అరవలేదు. "టెలిగ్రాం సూపించు బాబాయ్" అన్నాడంతే. ఎక్కడుంది చూపించడానికి?

"నీ కోసరమే కదరా సేసినాను!"

"నా కోసరమైతే నాకు సెప్పాలి కదా? ఇంత ఝూట్ ఎందుకు? బస్, చాలు, ఇంక నువ్వు నాకేటీ సెయ్యకు." తీగ మీద నుంచి ఏడో నంబరు లాగి, దాంతో కాళ్ల బురద తుడుచుకుని, బల్ల మీద పడేసి పోయాడు. దర్జీ ఆ బురద గుడ్డని బల్ల కిందికి నెట్టేశాడు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు.

తర్వాత వారం ఎవరూ కొత్త బట్ట తేలేదు. ఇచ్చినవాళ్లు ఇద్దరు వచ్చి వెనక్కి పట్టుకుపోయారు. సింహాచలమ్మ రేషన్ లైనులో నిలబడితే పక్కావిడ జరిగి నిలబడింది. "ఏటి సేసినావయ్యా నువ్వు?" అని మొగుణ్ణి నిలదీసింది. "ఓడ రానీ" అన్నాడు. ఇంకా ఆ పాటే!

చివరికి ఓడ వచ్చింది. దాని మీద ఆర్డరూ వచ్చింది. పర్మనెంటే. అప్పలరాముడికి ప్రాణం లేచొచ్చింది. అద్దె సైకిలు తొక్కుకుంటూ ఆస్టినాబాద్ పరుగెత్తి, రొప్పుతూ గుమ్మంలో నిలబడి చెప్పాడు. తల్లి తలుపు వెయ్యబోయింది. సత్యారావు మాత్రం చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. "నాను ఎల్లి అడుగుతాను. నువ్వు సెప్పక్కర్లేదు" అని ముందు నడిచాడు. దర్జీ సైకిలు నడిపించుకుంటూ వెనక పడ్డాడు. నేరుగా కంపెనీ ఆఫీసుకి వెళ్లారు.

"ఇప్పటికి వచ్చావా సత్యారావూ? కొలత ఇచ్చి ఇన్నాళ్లయింది, ఒక్కసారి కనపడలేదేం?" అన్నాడు భాస్కరరావు కాస్త కటువుగా.

"నానెప్పుడిచ్చానండీ కొలత?"

భాస్కరరావు చేతిలో కలం ఆగింది. సత్యారావు బల్ల మీది ఆర్డరు తనవైపు తిప్పుకుని తారీఖు చూశాడు. "సంతకం అయిపోయి ఓడెక్కేసినాదని బాబాయ్ నాకు సెప్పి తొమ్మిది రోజులయ్యాక ఏసిన తారీఖండి ఇది."

"నువ్వు కొలత ఇచ్చావని చెబితేనే నేను టెలిగ్రాం ఇచ్చాను. డిపో వాళ్లు పంపించేశారట కదా? నాతో ఒక్క ముక్క అంటే నేనే వెళ్లి గవరయ్యతో మాట్లాడేవాణ్ణి కదయ్యా!"

"మీరు మాటాడతారని నాకెలాగ తెలుస్తాదండి?"

ఇద్దరూ కలిసి తలుపు దగ్గర నిలబడ్డ మనిషి వైపు తిరిగారు. అప్పలరాముడు ఊరుకోలేకపోయాడు. "నా అబద్ధం లేకపోతే ఆ కాగితమే పుట్టేది కాదు సార్! ఆఖరికి ఉద్యోగం వచ్చిందా లేదా?" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. భాస్కరరావు సత్యారావుకి కుర్చీ చూపించాడు.

తర్వాత వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. "మోకాలు వాస్తాంది సార్, సీజనంతా ఆడగలనో లేదో" అని సత్యారావు తనంతట తనే చెప్పేశాడు. అయిపోయింది, చేజేతులా పాడుచేసుకున్నాడు వీడు, అనుకున్నాడు దర్జీ. అన్నాళ్లుగా తను కడుపులో దాచుకున్న సంగతి అది!

"ముందే చెప్పావు, సంతోషం. ఆడగలిగినన్నాళ్లు ఆడు. ఆర్డరు సరుకు లెక్కపెట్టే పనికి, మోకాలికి కాదు" అన్నాడు భాస్కరరావు. కాగితం ఇటు తిప్పాడు. సత్యారావు హిందీలో సంతకం పెట్టాడు. కింద సాక్షి సంతకానికి గీత ఉంది.

పదకొండు సార్లు ఆ గీత మీద సంతకం చేసిన చెయ్యి అలవాటుగా ముందుకి వచ్చింది. ఎవరూ పిలవకుండానే అప్పలరాముడు బల్ల దగ్గరికి వచ్చి కలం అందుకోబోయాడు.

"ఈయన ఒద్దు సార్" అన్నాడు సత్యారావు.

భాస్కరరావు వాదించలేదు. వరండాలో, పోయిన ట్రంకుపెట్టె కోసం అడగడానికి వచ్చి కూర్చున్న మనిషిని లోపలికి పిలిచాడు. నిన్ననే ఓడ దిగినవాడు, ఇంకా నడకలో తూలు పోలేదు. ఊళ్లో ఎవరినీ ఎరగడు. చూపించిన చోట వంగి, పేరు పూర్తిగా రాసి, తలెత్తి "మీలో సత్యారావుగారు ఎవరండీ?" అని అడిగాడు.

అప్పలరాముడు చూపించబోయి, ఎత్తిన చెయ్యి దించుకున్నాడు.

"నానేనండి" అన్నాడు సత్యారావు.