రేణుక చెరపలేదు

ముప్పై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భర్తకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

షోలాపూర్‌లో నేతపనివాళ్ల పేటలో ఒక తెలుగు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అక్కడ పంతులమ్మను ‘బాయి’ అంటారు. పిల్లల తండ్రులు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, చద్దర్లు నేసేవారు, తల్లులు ఇంట్లో బీడీలు చుట్టేవారు. కిటికీ అవతల సాంచాల చప్పుడు ఆగేది కాదు. దాన్ని మించి గొంతెత్తి చెప్పడం మాకు అలవాటు.

ఎనభైల చివర్లో మా బడికి ఒక కంప్యూటరు వచ్చింది. ఒక్కటే. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. దానికోసం నన్ను పది రోజుల శిక్షణకు పుణె పంపారు. నాకు దాదాపు ఏమీ అర్థం కాలేదు. ఆ మాట హెడ్మాస్టరుతో అనలేకపోయాను. ఎందుకు అనలేకపోయాను? బడిలో అందరికంటే బాగా చెబుతానని పేరు నాకు. ఆ పేరంటే అంత తీపా?

రేణుక ఏడో తరగతి. సాంచా నడిపే మనిషి కూతురు. కంప్యూటరు బిగించడానికి వచ్చినతను పిల్లలచేత తెరమీద తమ పేర్లు రాయించి వెళ్లాడు. మిగతావాళ్లు పేర్ల దగ్గరే ఆగారు. రేణుక నక్షత్రం గుర్తులను వరస కింద వరస పేర్చి, వారం తిరిగేసరికి చద్దరు నడుమ ఉండేలాంటి పువ్వు చేసింది. మీట నొక్కగానే అది వరసవరసగా తెరమీదికి వచ్చింది, మగ్గం మీద గుడ్డ పెరిగినట్టు. పిల్లలు బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత శనివారం వచ్చిందంటే బడి తెరవకముందే గేటు దగ్గర ఉండేవారు. అంచులు, నెమళ్లు, తమ పేర్లతో చద్దర్లు. ఏడాదంతా నోరు విప్పని వెనక బెంచీవాళ్లు కూడా “ఇప్పుడు నాది, ఇప్పుడు నాది” అని తోసుకునేవారు. అన్నీ ఒకే ఫ్లాపీలో దాచేవాళ్లం. అంత సంతోషంగా ఉన్న తరగతిని నేను మళ్లీ చూడలేదు. ఆ సంతోషంలో నాకు మాత్రం పని లేదు. అడగాలంటే రేణుకనే అడిగేవారు.

ఒకరోజు బోర్డు మీద ఏదో తప్పు రాశాను. రేణుక లేచి మెల్లగా, “బాయీ, ఆడ కామా రాదు” అంది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. రేణుక నవ్వలేదు.

పిల్లల పని చూడడానికి సోమవారం అధికారి వస్తారన్నారు. ముందటి శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు అన్నానికి ఇళ్లకు వెళ్లినప్పుడు, నేను ఒక్కదాన్నే కంప్యూటరు ముందు కూర్చున్నాను. పుణెలో నేర్పినవాటిలో ఒక్కటి గుర్తుంది, ఫ్లాపీని కొత్తదానిలా తుడిచేయడం. టైపు చేశాను. ఉన్నదంతా పోతుంది, సరేనా అని తెరమీద ఇంగ్లీషులో వచ్చింది. చాలా ఏళ్లు, పొరపాటున నొక్కానని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అది అడిగింది కదా. ఆ ప్రశ్న నాకు అర్థమైంది. కాసేపు ఆగాను కూడా. ఆగి, నొక్కాను.

మర్నాడు ఫ్లాపీ ఖాళీ. చిన్నపిల్లలు ఏడ్చారు. హెడ్మాస్టరు వచ్చి అడిగితే, “చివరగా రేణుక ముట్టుకుంది సార్” అన్నాను. అందరూ వెళ్లాక ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది.

“బాయీ, నేను తప్పు ఒత్తలే. నాకు మంచిగ యాదికుంది.”

“మరి ఎవరు చేసిన్రు? నేనా?”

నా మొహంలోకి చూసింది. ఏం వెతికిందో.

“అట్లగాదు బాయీ, మీరెందుకు చేస్తరు? నాదే చుకీ అయ్యిందేమో.”

తప్పు తనదేనేమో అంది. నేను కాదనలేదు. ఇకనుంచి దూరంగా కూర్చోమన్నాను.

అధికారి వచ్చి, పిల్లలు టైపు చేసిన పేర్లు చూసి వెళ్లారు. కంప్యూటరు మీద గుడ్డ పడింది. శనివారాలు పిల్లలు మళ్లీ గంట కొట్టాకే వచ్చారు. లెక్కల్లో కూడా రేణుక చెయ్యి ఎత్తడం మానేసింది. ఎనిమిదిలో బడి వదిలి తల్లి పక్కన బీడీలకు కూర్చుంది. ఆ ఇంట్లో వేరే కారణాలూ ఉండే ఉంటాయి. అంతా నావల్లే అనుకోవడం కూడా ఒక గర్వమేమో. అయినా, నావల్ల ఎంత? ఆ లెక్క నాకు తేలలేదు.

పదేళ్ల తర్వాత రేణుక, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి, కూతుర్ని బడిలో చేర్పించడానికి వచ్చింది. అప్పటికి బడిలో కంప్యూటర్లకు ప్రత్యేకంగా ఒక గది ఉంది. నా కాళ్లకు మొక్కి, నవ్వుతూ అంది:

“పోరిని ఆ మిషిన్ల దిక్కు పోనియ్యకున్రి బాయీ. నా చెయ్యి అసొంటిది. దీనిది గూడ గట్లనే ఉంటే అందరి పని ఖరాబైతది.”

నా అబద్ధాన్ని నేను ఎన్నడూ నమ్మలేదు. ఆమె నమ్మింది. ఇన్నేళ్లూ తన చేతులనే అనుమానించుకుంటూ బతికింది. అప్పుడైనా చెప్పాలి కదా? గది ఖాళీగా ఉంది. వినడానికి వేరే ఎవరూ లేరు. నేను రిజిస్టరు తెరిచి, పిల్ల పుట్టిన తేదీ అడిగాను.

ఆ పిల్లను మొదటి వారమే కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. దాన్ని ప్రాయశ్చిత్తమని చెప్పుకోను.

ఫ్లాపీ చెరిపింది నేను. తెలిసే చెరిపాను. వినవలసిన మనిషి ఇది చదువుతుందో లేదో తెలియదు. ఈ మాట కాగితం మీద నా చేతిరాతతో చూడడం ఇదే మొదటిసారి. రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.