ఏ క్యాంపు?

దుబాయ్‌లో ఒక హోటల్ హాల్లో ఆ పెద్దాయన కాలరుకి మైకు తగిలించడం నా పని. ఆయన యూదుడనీ, చిన్నప్పుడు హిట్లర్ మనుషులు నడిపిన చావుల క్యాంపులోంచి బతికి బయటపడ్డారనీ, ఆ సంగతి చెప్పడానికే తొంభై దాటాక విమానమెక్కి వచ్చారనీ నాకు తర్వాత తెలిసింది. మా ముదీర్, అంటే మేనేజరు, చెప్పింది మాత్రం, "ముసలాయన గొంతు చిన్నది, వాల్యూమ్ పెంచు" అని.

"ఎక్కడుంటావు?" అని అడిగారు పెద్దాయన.

"క్యాంపులో సార్," అన్నాను. కంపెనీ ఇచ్చిన గదుల్ని ఇక్కడ మనమంతా అలాగే అంటాం కదా.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "బయటికి రానిస్తారా?"

"ఆదివారం సెలవు సార్."

"తిండి?"

"పెడతారు. పప్పులో పప్పు వెతుక్కోవాలి."

ఆయన నవ్వలేదు. కూతుర్ని పిలిచి, ఇతనికి మనం ఏమైనా చెయ్యగలమా అని అడిగారు. నా జోకుకి అంత స్పందన ఎప్పుడూ రాలేదు.

తర్వాత వేదిక మీద తన క్యాంపు గురించి చెప్పారు. రైలు దిగగానే తల్లినీ తమ్ముణ్ణీ వేరే వరసలోకి తోశారట. తల్లి ఆ చిన్నవాడి కోటుకి గుండీలు పెడుతూ ఈయన వైపు చూడలేదు. సాయంత్రానికి ఆ వరసలో ఎవరూ లేరు, పొగ ఉంది. "ఇది చూశాను," "ఇది విన్నాను" అని ప్రతి మాటనీ విడదీసి మరీ చెప్పారు. నేను వాల్యూమ్ ముట్టుకోలేదు.

మైకు తీస్తుంటే అడిగారు. "వెనకదాకా వినబడిందా?"

"చివరి కుర్చీదాకా సార్."

"నమ్మారా?"

"అది నా మిషన్లో తెలీదు సార్. నేను నమ్మాను."

"ఒకరు," అని, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు.